రేంజ్‌ఫైండర్ చూపిన అంకె దేనిది? కొనేముందు పోల్చి చూసే పద్ధతి

టెక్సాస్‌లో ఉంటున్న మా మేనల్లుడు అక్కడి జింకల వేట సీజన్ మొదలయ్యే ముందు ఫోన్ చేసి, “మామయ్యా, వెయ్యి గజాల రేంజ్‌ఫైండర్ తీసుకోనా, రెండు వేల గజాలది తీసుకోనా?” అని అడిగాడు. కంటికి పెట్టుకుని చూస్తూ లేజర్ కాంతితో దూరం కొలిచే చిన్న పరికరం అది. పెట్టె మీది అంకెను చూసి ఎంచుకోవద్దని మాత్రం అప్పుడు చెప్పగలిగాను. సంక్రాంతి సెలవులకు వస్తూ అతను స్నేహితుల దగ్గర అడిగి తెచ్చిన రెండు పరికరాలను హైదరాబాద్‌లో మా మేడ మీదా, ఖాజాగూడ గుట్టల దగ్గరా నాలుగు రోజులు పక్కపక్కన పెట్టి పరీక్షించిన తరువాత, ఎందుకు వద్దన్నానో నాకే ఇంకా స్పష్టంగా అర్థమైంది. ఆ రెండింటి పేర్లు ఇక్కడ అనవసరం. పోల్చిన పద్ధతి ఏ కంపెనీ పరికరానికైనా పనికొస్తుంది.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది కనుక, ఈ వ్యాసంలో వేట ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా అనుమతి తీసుకుని చట్టబద్ధంగా వేటాడే వీలున్న దేశాల సంగతే చెబుతున్నానని గ్రహించాలి. ఇక మన షూటింగ్ క్రీడాకారులలో చాలామందికి ఈ పరికరంతో పని పడదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ క్రీడాకారుడు గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన పోటీలో లక్ష్యం సరిగ్గా 10 మీటర్ల దూరంలో ఉంటుంది. 25, 50, 300 మీటర్ల పోటీలలోనూ దూరం ముందే నిర్ణయమై ఉంటుంది. ఎయిర్ రైఫిల్‌తో ఆడే ఫీల్డ్ టార్గెట్‌లో దూరం అంచనా వేయడం పోటీలో భాగమే గనుక లేజర్ పరికరాన్ని అనుమతించరు. దూరం తెలియని లక్ష్యాన్ని రైఫిల్‌తో కొట్టే పోటీలకు విదేశాలలో వెళ్ళేవారికీ, అక్కడ వేటాడేవారికీ, ఇక్కడ గోల్ఫ్ ఆడేవారికీ, చెరువు గట్టున పక్షులను చూస్తూ దూరం రాసుకునేవారికీ ఇది అవసరపడుతుంది.

పరికరం పని చేసే తీరు తెలిస్తే దాని లోపాలు ఎక్కడ ఉంటాయో ఊహించవచ్చు. గోల్కొండలో ఫతే దర్వాజా గుమ్మటం కింద కొట్టిన చప్పట్లు దాదాపు కిలోమీటరు దూరంలోని బాలాహిస్సార్ మీద వినిపిస్తాయని గైడ్లు చూపిస్తారు కదా, ఆ శబ్దం పైకి చేరడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది. రేంజ్‌ఫైండర్ పంపే కాంతి అదే కిలోమీటరు వెళ్ళి, లక్ష్యాన్ని తాకి, తిరిగి రావడానికి సెకనులో పది లక్షల వంతులు ఏడింటికన్నా తక్కువే పడుతుంది. పరికరం ఆ ప్రయాణ కాలాన్ని కొలిచి దూరంగా మారుస్తుంది. ఒక్క మీటరు తేడాను పట్టుకోవాలంటే సెకనులో వంద కోట్ల వంతులు ఆరేడింటి తేడాను గుర్తించాలి. నేటి ఎలక్ట్రానిక్స్‌కు అది పెద్ద కష్టం కాదు కనుక, మంచి కంపెనీల పరికరాలలో ఒకటి మీటరు ఖచ్చితత్వం, మరొకటి అర మీటరు ఖచ్చితత్వం అని రాసి ఉంటే ఆ తేడాకు ఎక్కువ డబ్బు పెట్టనక్కరలేదు. తప్పు గడియారంలో కంటే, కాంతి దేనిని తాకి తిరిగి వచ్చిందన్న దగ్గరే ఎక్కువగా జరుగుతుంది. కాబట్టి పరికరం అంకె చూపిందా లేదా అన్నదానికన్నా, ఆ అంకె దేనిది అన్న ప్రశ్న ముఖ్యం.

పెట్టె మీది పెద్ద అంకెను దీని వెలుగులోనే చదవాలి. అది సాధారణంగా రోడ్డు పక్కన మెరిసే సూచిక బోర్డు వంటి, కాంతిని బలంగా తిప్పిపంపే లక్ష్యానికి వర్తిస్తుంది. చెట్టుకు అది తగ్గుతుంది, జింక వెంట్రుకలకు ఇంకా తగ్గుతుంది. ఉదాహరణకు వోర్టెక్స్ రేంజర్ 1800 పేరులో ఉన్న 1800 గజాలు మెరిసే లక్ష్యానికి చెప్పినవి; జింకకు ఆ కంపెనీ స్వయంగా చెప్పిన దూరం 900 గజాలు. సిగ్ సావర్ కిలో2000కు మెరిసే లక్ష్యమైతే 3400, చెట్టయితే 1500, జింక అయితే 1200 గజాలు అని కంపెనీ ప్రకటించింది. ఈ కంపెనీలు మూడు రకాల అంకెలనూ బయటపెట్టడం మెచ్చుకోదగిన విషయమే, ఎందుకంటే ఒక్క పెద్ద అంకె మాత్రమే రాసి మిగిలినవి చెప్పని పెట్టెలు మార్కెట్లో చాలా ఉన్నాయి. పోల్చేటప్పుడు జింక అంకెను జింక అంకెతోనే పోల్చాలి. అది రాయని పరికరానికి పెద్ద అంకెలో మూడోవంతుకు మించి ఆశించకపోవడం నా అలవాటు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. లేజర్ అనగానే దారంలా సన్నగా పోయే కిరణాన్ని ఊహించుకుంటాము గానీ, ఇది టార్చిలైటు వెలుగులాగా దూరం పోయేకొద్దీ విచ్చుకుంటుంది. ఆ విచ్చుకునే కోణాన్ని మిల్లీరేడియన్లలో చెబుతారు, షూటర్లు మిల్ అంటారు. లెక్క సులువు: 1 మిల్ అంటే 100 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు, 1000 మీటర్ల దగ్గర 1 మీటరు. 2 మిల్ కిరణం 500 మీటర్ల దగ్గర మీటరు వెడల్పు పరచుకుంటుంది, జింక ఛాతీ ఎత్తు మాత్రం అర మీటరుకు కాస్త తక్కువే. మిగిలిన కాంతి అంతా ముందున్న గడ్డి మీదో వెనకున్న పొదల మీదో పడుతుంది, అక్కడి నుంచి తిరిగి వచ్చిన కాంతి బలంగా ఉంటే పరికరం నిస్సంకోచంగా ఆ గడ్డి దూరాన్నే చూపిస్తుంది. చూసేవారు మాత్రం గురి గుర్తు జింక మీదే ఉంది కాబట్టి ఆ అంకె జింకదే అనుకుంటారు.

కిరణం వెడల్పుతో పాటు దాని ఆకారం కూడా చూడాలి. లేజర్ పుట్టే డయోడు సన్నని పట్టీలా ఉంటుంది కాబట్టి చాలా పరికరాల కిరణం గుండ్రంగా కాక దీర్ఘచతురస్రంగా ఉంటుంది. ఒక వైపు 0.5 మిల్, మరో వైపు 2 మిల్ ఉన్న కిరణం 600 మీటర్ల దగ్గర 30 సెంటీమీటర్లు, 1.2 మీటర్లు కొలతలున్న పట్టీగా పడుతుంది. ఆ పొడవు వైపు అడ్డంగా ఉంటే మైదానంలో మేలు, ఎందుకంటే ముందున్న నేలా వెనకున్న నేలా తక్కువగా తగులుతాయి. నిలువుగా ఉంటే సన్నని చెట్టు మొదలుకు మేలు గానీ, చదును నేల మీద నిలబడ్డ లక్ష్యానికి ఇబ్బంది. అందువల్ల కంపెనీ ఇచ్చే వివరాల పత్రంలో కిరణం కొలతలు రెండూ ఇచ్చారా, ఏది నిలువు, ఏది అడ్డం అన్నది వెతకాలి. ఆ కొలత ఎక్కడా రాయని పరికరాన్ని దూరపు షూటింగ్ కోసం నేనైతే కొనను.

ఖాజాగూడ గుట్టల దగ్గర ఇది కళ్ళారా కనిపించింది. ఎండకు తెల్లబడ్డ ఒక పెద్ద గ్రానైట్ బండను రెండు పరికరాలతోనూ కొలిస్తే మీటరు తేడాతో ఒకే అంకె వచ్చింది. ఆ బండకు ముందు, చాలా దగ్గరగా ఒక సర్కారు తుమ్మ కొమ్మ వాలి ఉంది. నాలుగడుగులు పక్కకు జరిగి, ఆ కొమ్మ ఆకుల సందులోంచి అదే బండను చూశాము. ఒక పరికరం మునుపటి అంకెనే చూపింది. రెండోది 38 మీటర్లు అంది. రెండింటిలోనూ గురి గుర్తు బండ మీదే ఉంది, ఆ గుర్తుగా ఉండే చిన్న వృత్తంలో ఆకు ఒక్కటైనా ఉన్నట్టు కంటికి కనిపించలేదు. మా వాడు మొదట పరికరం చెడిపోయిందనుకున్నాడు. చెడిపోలేదు, అది గోల్ఫ్ కోసం అమర్చినది.

గోల్ఫ్ మైదానంలో సన్నని జెండా కర్ర ముందూ, చెట్ల గుంపు వెనకా ఉంటాయి కనుక, ఆటగాడికి అన్నింటికన్నా దగ్గరి వస్తువు దూరమే కావాలి. అడవిలో వేటగాడికి కొమ్మా గడ్డీ ముందూ, లక్ష్యం వెనకా ఉంటాయి కనుక దూరపు వస్తువు దూరం కావాలి. పరికరాలలో దీనికోసం దగ్గరి లక్ష్యానికి ఒక మోడ్, దూరపు లక్ష్యానికి ఒక మోడ్ ఉంటాయి; కొన్నింటిలో ఒక్కటే ఉంటుంది, మార్చుకోలేము. మన నగరంలో దుకాణాలలో చేతికి దొరికేవి ఎక్కువగా గోల్ఫ్ రకాలే కాబట్టి, షూటింగ్ కోసం కొనేవారు మోడ్ మార్చే వీలు ఉందా అని తప్పక అడగాలి. గోల్ఫ్ ఆడేవారికి ఒక చిన్న హెచ్చరిక: 2019 నుంచి అమలులో ఉన్న నియమాల ప్రకారం దూరం కొలవడానికి సాధారణంగా అనుమతి ఉంది గానీ, ఎత్తుపల్లాలను లెక్కగట్టి చెప్పే సదుపాయాన్ని ఆటలో వాడకూడదు. దానిని ఆపే మీట బయటకు కనిపించేలా ఉన్న పరికరం వారికి నయం.

కిరణం వెడల్పు తెలిసినా మరో చిక్కు మిగులుతుంది. కనిపించే గురి గుర్తు వేరు, కనిపించని కిరణం వేరు. ఫ్యాక్టరీలో ఆ రెండింటినీ కలిపి అమర్చుతారు, ఆ అమరిక పరికరం నుంచి పరికరానికి కొంత మారుతుంది. దీనిని ఇంట్లోనే పరీక్షించవచ్చు, దీనికి నీళ్ళ ట్యాంకుకు మించిన సాధనం లేదు. మీ మేడ మీద నుంచి 200, 250 మీటర్ల దూరంలో, వెనక ఆకాశం తప్ప ఏమీ లేని ట్యాంకును ఒకదానిని ఎంచుకోండి. పరికరాన్ని ట్రైపాడ్ మీద బిగించండి, అది లేకపోతే పిట్టగోడ మీద బియ్యం సంచీ వేసి దాని మీద ఆనించండి. ఆగకుండా వరుసగా దూరం కొలిచే స్కాన్ మోడ్ పెట్టి, గురి గుర్తును ట్యాంకుకు ఎడమ పక్కన ఆకాశంలో ఉంచండి. తెర మీద అంకె బదులు గీతలు మాత్రమే కనిపిస్తాయి. అక్కడి నుంచి మెల్లగా కుడికి జరుపుతూ, మొదటిసారి అంకె వెలిగిన క్షణాన గురి గుర్తు ట్యాంకు అంచుకు ఎంత దూరంలో ఉందో కాగితం మీద బొమ్మగా వేసుకోండి. ఇదే పనిని కుడి నుంచీ, పై నుంచీ కూడా చేయండి. కిందినుంచి చేయడం కుదరదు, అక్కడ భవనం ఉంటుంది.

ఎడమ నుంచి వచ్చినప్పుడూ కుడి నుంచి వచ్చినప్పుడూ అంకె అంచుకు ఒకే ఎడంలో వెలిగితే కిరణం మధ్యలోనే ఉన్నట్టు. ఒక వైపు ట్యాంకును తాకకముందే అంకె వచ్చి, రెండో వైపు ట్యాంకు లోపలికి బాగా వెళ్ళాక గానీ రాకపోతే, కిరణం పక్కకు జరిగి ఉన్నట్టు. మేము పరీక్షించిన ఖరీదైన పరికరంలోనే కిరణం గుర్తుకు కుడివైపు అర వృత్తం మేర పక్కకు ఉంది. అది లోపమే అయినా, తెలిస్తే సర్దుకోగల లోపం; తెలియకపోతే 600 మీటర్ల దగ్గర ప్రతి అంకెనూ అనుమానించవలసినదే. ఈ పరీక్ష చేస్తుండగా ఎదుటి మేడ మీద వడియాలు ఆరబెడుతున్న పెద్దావిడ, “ఏం బాబూ, పొద్దుటి నుంచి మా ఇంటివైపే చూస్తున్నావు?” అని నిలదీశారు. ఆమెకు పరికరాన్ని ఇచ్చి, మా ట్యాంకు దూరం ఆమెతోనే చదివించాక గానీ శాంతించలేదు. పరీక్షకు ముందే ఇరుగుపొరుగుకు చెప్పుకోవడం మంచిది. కంటోన్మెంటు పరిసరాలలోనూ, ప్రభుత్వ భవనాల దగ్గరా ఇలాంటి పరికరాన్ని కంటికి పెట్టుకోకపోవడం ఇంకా మంచిది.

పరీక్ష చేసే వేళ ఫలితాన్ని చాలా మారుస్తుంది. ఈ పరికరాలలో ఎక్కువ భాగం 905 నానోమీటర్ల పరారుణ కాంతిని వాడతాయి, అది కంటికి కనిపించదు. ఎండలో కూడా ఆ కాంతి ఉంటుంది కనుక, మే నెల మధ్యాహ్నం బంజరు నేల మీద నుంచి తిరిగి వచ్చే కాంతిలో తన కాంతిని వేరుచేసుకోవడం పరికరానికి కష్టమవుతుంది. అదే లక్ష్యం సాయంత్రం ఆరున్నరకు సులువుగా దొరుకుతుంది. వాననీటికి తడిసిన నల్లని బండ కాంతిని మింగేస్తుంది, సున్నం వేసిన గోడ తిప్పిపంపుతుంది. పొగమంచులో కాంతి దారిలోనే చెదిరిపోతుంది. అందుకే ఒక పరికరాన్ని ఉదయమూ మరొకదానిని మధ్యాహ్నమూ పరీక్షించి పోల్చడంలో అర్థం లేదు. రెండింటినీ ఒకే లక్ష్యం మీద, ఒకే నిమిషంలో, ఒకదాని తరువాత ఒకటి వాడాలి. 1550 నానోమీటర్ల కాంతి వాడే పరికరాలు కూడా ఉన్నాయి. ఆ కాంతి కంటి వెనక పొర దాకా చేరకుండా ముందే ఇంకిపోతుంది కాబట్టి ఎక్కువ శక్తితో పంపే వీలుంటుంది, ధర కూడా దానికి తగ్గట్టే ఎక్కువ ఉంటుంది. ఏది కొన్నా లేజర్ భద్రతలో క్లాస్ 1, అంటే మామూలు వాడకంలో కంటికి హాని చేయని తరగతి, అని రాసి ఉందో లేదో చూడండి. క్లాస్ 1 అయినా మనుషుల కళ్ళలోకీ, విమానాల వైపూ గురిపెట్టకూడదు. ఏ దూరదర్శినితోనైనా సూర్యుని చూడకూడదన్న నియమం దీనికీ వర్తిస్తుంది.

తెర విషయంలో రెండు రకాలు ఉన్నాయి. నల్లని అక్షరాల ఎల్‌సీడీ పట్టపగలు చక్కగా కనిపిస్తుంది, చీకటి పడే వేళ నల్లని పొద మీద నల్లని అంకె అయి మాయమవుతుంది. ఎర్రగా వెలిగే తెర చీకట్లో బాగుంటుంది, వెలుగు తగ్గించుకునే వీలు లేకపోతే అదే చీకట్లో కంటిని మిరుమిట్లు గొలుపుతుంది, మన ఎండలో సున్నపు గోడ మీద పెట్టి చూస్తే వెలవెలబోతుంది. వేట ఎక్కువగా తెల్లవారుజామునా పొద్దువాలే వేళా జరుగుతుంది కనుక, వెలుగు స్థాయిలు మార్చుకోగల ఎర్ర తెరకే నా ఓటు. కళ్ళద్దాలు పెట్టుకునేవారు, వాటితోనే తెర నాలుగు మూలలూ కనిపిస్తున్నాయో లేదో దుకాణంలోనే చూసుకోవాలి.

కొండ మీద నుంచి కిందికి, కింద నుంచి కొండ మీదికి చూసేటప్పుడు పరికరం చూపే ఏటవాలు దూరానికీ, తూటా పడిపోవడాన్ని లెక్కగట్టడానికి వాడే అడ్డ దూరానికీ తేడా వస్తుంది. 30 డిగ్రీల వాలులో 300 మీటర్లను సుమారు 260 మీటర్లుగా లెక్కించాలి. 15 డిగ్రీలలో 400 మీటర్లు 386 అవుతాయి, 7 డిగ్రీలలో తేడా నూటికి ఒకటి కూడా ఉండదు. కాబట్టి చదును ప్రాంతంలో వేటాడే మా మేనల్లుడికి ఈ సదుపాయం కోసం అదనంగా ఖర్చు పెట్టనక్కరలేదు, పర్వత ప్రాంతాలకు వెళ్ళేవారికి తప్పదు. దూరంలో తప్పు ఎంత నష్టం చేస్తుందన్నది కూడా లక్ష్యం ఎంత దూరంలో ఉందన్నదాని మీదే ఆధారపడుతుంది. వేటకు బాగా వాడే .308 రైఫిల్‌తో 200 మీటర్ల దగ్గర 10 మీటర్లు తప్పుగా కొలిస్తే తూటా ఒకటి రెండు సెంటీమీటర్లు మాత్రమే తేడా పడుతుంది. 800 మీటర్ల దగ్గర అదే తప్పు సుమారు 15 సెంటీమీటర్లు అవుతుంది. 300 మీటర్లు దాటి కాల్చని వేటగాడికి సాధారణ పరికరం చాలు. తూటా ఎంత కిందికి పడుతుందో చెప్పే బాలిస్టిక్ లెక్కలన్నీ లోపలే చేసే ఖరీదైన నమూనాలు ఉన్నాయి గానీ, తన రైఫిల్ తూటా వేగాన్ని క్రోనోగ్రాఫ్‌తో కొలిచి అందులో నింపని మనిషికి వాటి వల్ల వచ్చేది తప్పుడు లెక్క మాత్రమే.

గజాలనగానే మన నగరంలో ప్లాట్ల ధర గుర్తుకొస్తుంది. గజం 0.9144 మీటరు కనుక 500 గజాలంటే 457 మీటర్లు. అమెరికా నుంచి వచ్చే పరికరాలు తరచుగా గజాలలో అమర్చి ఉంటాయి, తెర మూలన ఉండే చిన్న అక్షరాన్ని చూడకపోతే నలభై మూడు మీటర్లు తప్పుతాము. రెండు పరికరాలను పోల్చేముందు రెండింటినీ మీటర్లలోకి మార్చడం మరచి, మొదటి అరగంట మేము వృథా చేసుకున్నాము.

బ్యాటరీ చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ కాదు. చాలా పరికరాలకు పొట్టిగా, లావుగా ఉండే 3 వోల్టుల సీఆర్2 బ్యాటరీ కావాలి. కోఠిలో ఒక దుకాణంలో సీఆర్2 అని అడిగితే, కారు తాళంలో వేసే బిళ్ళ లాంటి సీఆర్2032 ఇచ్చి పంపారు. ఇంటికి వచ్చి మూత తీశాక గానీ నాకూ వెలగలేదు. పాత బ్యాటరీని చేతిలో పట్టుకుని వెళ్ళి చూపించడం అన్నింటికన్నా మేలు. బైనాక్యులర్, రేంజ్‌ఫైండర్ రెండూ ఒకటిగా ఉండే వోర్టెక్స్ ఫ్యూరీ, స్వరోవ్‌స్కీ ఈఎల్ రేంజ్ వంటివి రెండు చేతులతో పట్టుకుంటాము కనుక వణుకు తక్కువ, గంటల తరబడి చూసినా కళ్ళు అలసిపోవు. బరువూ ధరా భరించగలిగితే వాటిని మించినవి లేవు. జేబులో పట్టే లైకా సీఆర్‌ఎఫ్ వంటి ఒంటికంటి రకాలకు తేలికతనమే బలం.

చివరికి పోల్చే రోజున చేయవలసిన పని ఇంతే. మైదానంలో 50 మీటర్ల టేపు పరిచి, ఆ కొనను కొలిచి, రెండూ సరిగ్గా చెబుతున్నాయో లేదో చూడండి. తరువాత దగ్గరా, మధ్యా, దూరమూ ఉన్న మూడు లక్ష్యాలు ఎంచుకోండి. వాటిలో ఒకటి సున్నపు గోడ వంటి తెల్లనిది, ఒకటి నల్లని ప్లాస్టిక్ ట్యాంకు వంటిది, ఒకటి కొమ్మల వెనక ఉన్నది అయితే సరిపోతుంది. ఒక్కొక్కదాని మీద మీట పదిసార్లు నొక్కి, వచ్చిన అంకెలన్నీ రాయండి. అంకె రాని సార్లను కూడా రాయండి. పదింటికి తొమ్మిదిసార్లు ఒకే అంకె చూపే పరికరం, మూడుసార్లు చాలా దూరం చూపి ఏడుసార్లు గీతలు చూపే పరికరం కన్నా నమ్మదగినది. ఇదంతా సరుకు వాపసు ఇచ్చే గడువులోపే, వీలైతే ఒక మధ్యాహ్నమూ ఒక సాయంత్రమూ చేయాలి. బంధువుల చేత విదేశాల నుంచి తెప్పించుకుంటే గడువుతో పాటు వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే చదువుకోవాలి. మా వాడు కిరణం పక్కకు ఉన్న ఆ ఖరీదైన పరికరాన్నే స్నేహితుడి దగ్గర కొనుక్కున్నాడు. దాని మూత లోపల అంటించిన కాగితం మీద ఇప్పుడు నీలి సిరాతో, “కుడికి అర వృత్తం” అని రాసి ఉంది.